భాష తెలియని పాట

ప్రశ్న: విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్నాను. పోలండ్ గోతిక్ రాక్ (చీకటి, విషాద ఛాయల రాక్ సంగీతం) బృందం క్లోస్టర్‌కెల్లర్ పాటలను ఒక్క ముక్క అర్థం కాకపోయినా వదలకుండా వింటున్నాను. ఇటువంటి బృందాలు పరదేశ శ్రోతలను ఎలా చేరుకున్నాయండీ?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: 1988లో వార్సాలో పుట్టిన ఆ బృందానికి గాయని ఆన్యా ఆర్తొడాక్స్ గొంతే ఆనవాలు. 1995లో జెలోనా గూరాలో మొదలైన ఆర్ట్రోసిస్‌లోనూ ప్రధాన గాత్రం స్త్రీదే. బయటి శ్రోతల కోసం ఈ రెండు బృందాలూ కొన్ని ఆల్బమ్‌లను పోలిష్‌లోనే కాక ఇంగ్లీషులోనూ పాడి విడుదల చేశాయి. అయితే నా చెవికి పోలిష్ పాఠమే ఇంపుగా ఉంటుంది. ఆ భాషలో ఊనిక (ఒత్తి పలకడం) సాధారణంగా పదం చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది కనుక, ఆ తూగుకు కట్టిన వరుసలో పొట్టి ఇంగ్లీషు మాటలను కూర్చినప్పుడు సాగదీత తప్పదు. త్యాగరాజ కీర్తనను తెలుగు రాని గాయకులు విరిచే చోట్లు మీకు తెలియనివి కావు.

రెండో దారి ఉత్సవం. 1994లో ఆరంభమైన కాజిల్ పార్టీ, పోలండ్ నైరుతి మూలన బోల్కుఫ్ కోట శిథిలాల నడుమ జరుగుతూ, సరిహద్దు దాటి వచ్చే జర్మన్ శ్రోతలకు ఈ గొంతులను ఎదుటనే వినిపించింది. (మన కోటలోనూ ఒక కచేరీ పెడితే బాగుండునని నాకూ ఉంది.)