అన్నమయ్య పాటకు వరుస ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి అన్నమాచార్య సంకీర్తనలు, త్యాగరాజ కృతులు రెండూ నేర్చుకుంటోంది. ఒకే అన్నమయ్య పాటను ముగ్గురు విద్వాంసులు మూడు రాగాలలో పాడగా విన్నాను. త్యాగరాజ కృతిని మాత్రం ఎవరు పాడినా సాధారణంగా రాగం మారడం లేదు. ఈ తేడా ఎందుకు? అన్నమయ్య స్వయంగా కట్టిన వరుసలు దొరకలేదా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మనం ఈనాడు వింటున్న అన్నమయ్య వరుసల్లో చాలావరకు 20వ శతాబ్దంలోనూ ఆ తరువాతా కట్టినవే. ఈ మాట వినగానే కొందరు పాఠకులకు మనసు చివుక్కుమంటుందని నాకు తెలుసు. అయినా దీన్ని దాచకుండా చెప్పడమే ఆ మహానుభావుడి పట్ల గౌరవమని నమ్ముతున్నాను.

వాగ్గేయకారుడంటే మాటనూ పాటనూ తానే సృష్టించినవాడు. శాస్త్రం సాహిత్యాన్ని మాతువు అనీ, దాని వరుసను ధాతువు అనీ పిలిచింది. అన్నమాచార్యుల విషయంలో మాతువు నిలిచింది, ధాతువు జారిపోయింది. ఆయన జీవితకాలం 1408 నుంచి 1503 వరకు. 32,000 సంకీర్తనలు రచించారని మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో చెప్పాడు. నేడు లభిస్తున్నవి 12,000 పైచిలుకు. కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలంలో వీటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. రేకు మీద పాటకు రాగం పేరు ఉంటుంది, పల్లవి ఉంటుంది, చరణాలు ఉంటాయి. స్వరాలు ఉండవు. పాడేవారు కళ్ల ఎదుట ఉండగా, వరుస వారి గొంతులోనే పదిలంగా ఉండగా, దాన్ని లోహం మీదికి ఎక్కించాలన్న ఆలోచన ఆనాడు ఎవరికీ వచ్చి ఉండదు. తరువాత రాజ్యాలు మారాయి, పాడే పరంపర తెగిపోయింది. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ రేకులను చదివి పరిష్కరించి అచ్చుకు అందించే నాటికి, ఆ పాటలను అన్నమయ్య ఎలా పాడారో చెప్పగల గొంతు మిగలలేదు.

‘రేకు మీద రాగం పేరు ఉంది కదా, ఆ రాగంలోనే పాడితే ఆయన వరుస దగ్గరికి చేరినట్టు కాదా?’ అని మీరు అడగవచ్చు. రాగం పేరు నిలిచినంత మాత్రాన రాగస్వరూపం నిలవదు. రేకుల మీద తరచుగా కనిపించే ముఖారినే చూడండి. అన్నమయ్య తరువాత అర్ధశతాబ్దానికి, 1550లో, విజయనగరంలో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో ముఖారి అన్నీ శుద్ధస్వరాలే ఉన్న మేళం (రాగాలకు ఆధారమైన స్వరాల కూర్పు). అంటే ఇప్పటి లెక్కలో కనకాంగి అనే మేళం. మనం కచేరీలో వినే ముఖారి చతుశ్శ్రుతి రిషభంతో, సాధారణ గాంధారంతో పలుకుతుంది. ఈ రెంటికీ పేరు ఒకటే, నడక వేరు. అందువల్ల రేకు మీద ముఖారి అని ఉన్న పాటను నేటి ముఖారిలో పాడినా అది అన్నమయ్య విన్న ముఖారి అవుతుందని చెప్పలేము.

అందుకే రాళ్ళపల్లివారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు తమ విద్యను ఆధారం చేసుకొని ఈ సాహిత్యానికి కొత్తగా స్వరాలు కూర్చారు. ‘నానాటి బతుకు నాటకము’ అనగానే మన చెవిలో మోగే రేవతి రాగపు వరుస నేదునూరివారిది. ఆ పాటను ఇంటింటికీ చేర్చిన ఘనతలో ఆయనకు వాటా ఉంది. సభలో పాడేటప్పుడు ‘అన్నమాచార్య విరచితం’ అని ఊరుకోకుండా, వరుస కూర్చినవారి పేరు కూడా చెప్పడం న్యాయం. చాలామంది గాయకులు చెప్పడం లేదు; పిల్లలకు ఇచ్చే పాఠంలో కూడా ఆ పేరు ఉండడం లేదు. దీనివల్ల రెండు తప్పులు జరుగుతున్నాయి: స్వరకర్త కష్టం మరుగున పడుతోంది, 15వ శతాబ్దపు సంగీతం ఇలాగే ఉండేదన్న పొరపాటు అభిప్రాయం పిల్లల్లో స్థిరపడుతోంది.

త్యాగరాజస్వామి (1767–1847) అదృష్టం వేరు. తిరువయ్యారులో ఆయన ముందు కూర్చుని నేర్చుకున్న శిష్యులు ఉన్నారు, వారికి శిష్యులు కలిగారు, ఆ గొలుసు ఎక్కడా తెగకుండా మన తరం దాకా వచ్చింది. వాలాజాపేట వెంకటరమణ భాగవతులు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు గురువుగారి కృతులను పుస్తకాలలో రాసిపెట్టారు. ఉమయాళ్పురం, తిల్లైస్థానం శాఖలు మరికొన్ని పాఠాలను కాపాడాయి. ఏడు వందల దాకా కృతులు ఈనాటికీ పాడుకోగలుగుతున్నామంటే అది ఈ శిష్యుల చలవే. అయితే శాఖను బట్టి పాఠాంతరాలు, అంటే ఒకే కృతిని పాడే తీరులో తేడాలు, లేకపోలేదు. ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులను సంగతులు అంటారు. ఒక శాఖలో మూడు సంగతులున్న పల్లవికి మరో శాఖలో ఎనిమిది ఉండవచ్చు, వాటిలో కొన్ని తరువాతి విద్వాంసులు చేర్చినవి కావచ్చు. రాగం సాధారణంగా అదే ఉండడం వల్ల ఈ మార్పులు మామూలు శ్రోతకు తెలియవు.

త్యాగరాజస్వామి సమకాలికుడైన ముత్తుస్వామి దీక్షితుల కృతులకు శిష్యుల గొలుసుతో పాటు అచ్చు కూడా తోడైంది. ఆయన తమ్ముడి వంశంలో పెరిగిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని వెలువరించారు. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 స్వరసహితంగా ఉన్నాయి. తమిళదేశం నడిబొడ్డున వెలువడిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో, తెలుగు వివరణతో అచ్చయింది. ఏ స్వరాన్ని ఎలా కదిలించాలో తెలిపే గమక చిహ్నాలు అందులో ఉండడం మరీ విశేషం. తోడి రాగంలో గాంధారాన్ని ‘గ’ అని రాసి ఊరుకుంటే, రాగం తెలియనివాడు దాన్ని కదలిక లేకుండా నిలిపి పాడతాడు. అప్పుడు స్వరం ఉంటుంది, తోడి ఉండదు. సుబ్బరామ దీక్షితులు ఆ లోటును గుర్తించి ఎంతో శ్రమపడ్డారు.

ప్రశ్న: క్షేత్రయ్య 17వ శతాబ్దంవాడు కదా, మరి ఆయన పదాల వరుసలు పాతవేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: అన్నమయ్య పాటలతో పోలిస్తే క్షేత్రయ్య పదాలకు, అంటే ఆ శృంగార గేయాలకు, పరంపర బలం చాలా ఎక్కువ. తంజావూరు ప్రభువు విజయరాఘవ నాయకుడి ఆదరణ పొందిన ఆ పదాలను నాట్యంలోనూ గానంలోనూ తరతరాలుగా నిలిపినవారు దేవదాసీ కుటుంబాల స్త్రీలు. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి నుంచి మనుమరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతుల దాకా నడిచిన బాణీ ఇందుకు గొప్ప సాక్ష్యం. మూడు వందల ఏళ్లలో వరుస ఏమీ మారలేదని ఎవరూ అనలేరు. అయినా అది నోటి నుంచి నోటికి నడుస్తూ మారిన వరుస. రాగిరేకు చూసి కొత్తగా కట్టిన వరుసను దానితో ఒక గాట కట్టకూడదు. తెలుగు మాట స్పష్టంగా పలకని చోట కూడా ఆ గాయనులు భావాన్ని ఎంత పొదివి పట్టుకున్నారో ఆ పాత రికార్డులు వింటే తెలుస్తుంది. సమాజం చిన్నచూపు చూసిన స్త్రీలకు తెలుగు పదసాహిత్యం ఇంత రుణపడి ఉందని మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: మా నాయనమ్మ చేత్తో రాసుకున్న స్వరాల నోటుపుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. కాగితం పెళుసుబారింది. కొన్ని కృతుల సంగతులు అచ్చు పుస్తకాలతో సరిపోవడం లేదు. సరిదిద్ది మళ్లీ రాయించమంటారా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: దయచేసి సరిదిద్దకండి. సరిపోని ఆ సంగతులే ఆ పుస్తకానికి విలువ. అవి ఆవిడ గురువుగారి పాఠం కావచ్చు, ఇప్పుడు మరెక్కడా లేని పాఠం కూడా కావచ్చు. ముందుగా ప్రతి పుటనూ, ఖాళీ పుటలతో సహా, మంచి వెలుతురులో వరసగా ఫోటో తీయించండి. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అతికించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ఆవిడ ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇంట్లో పెద్దవారిని అడిగి వేరే కాగితం మీద రాసి ఆ పుస్తకంతోనే ఉంచండి. ఆవిడ పాట విన్నవారు ఎవరైనా ఉంటే, వారికి గుర్తున్నంత వరకు ఆ కృతులను పాడించి ఫోనులో రికార్డు చేయండి. ఆ పని ఈ నెలలోనే చేయండి. ఫోటోలు వచ్చే నెలలో తీసినా ఫరవాలేదు.