ముందు గోడ మీది స్విచ్ సంగతి చూడు

అమ్మాయీ,

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, మోటారు అన్నీ కంప్యూటర్‌తో నడిపిస్తానని రాసిన నీ ఉత్తరం, దాంతో పంపిన బొమ్మ రెండూ చూశాను. బొమ్మ బాగా గీశావు. మధ్యలో రాస్ప్‌బెర్రీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దానికి ఎనిమిది రిలేలు (కరెంటుతో నడిచే స్విచ్చులు), పద్నాలుగు సెన్సర్లు, హాల్లో గోడకి టచ్‌స్క్రీను. ఇంట్లో ఉన్న ప్రతి తీగా ఆ మధ్య పెట్టెలోకే వచ్చింది. నాకు నచ్చనిది అదొక్కటే. ఆ పెట్టె చచ్చిపోతే ఏంటి అన్నది ఎక్కడా రాయలేదు.

నవ్వకు, చచ్చిపోతుంది. మెమరీ కార్డు పాడవుతుంది, లేదా అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది, లేదా నువ్వే ఏదో మార్చి మర్చిపోతావు. నాది మొదటి ఏడాదిలోనే మూడుసార్లు పోయింది. రెండోసారి పోయినప్పుడు అర్ధరాత్రి. బాత్రూమ్ లైటు వెలగట్లేదని మీ అత్తయ్య టార్చి పట్టుకుని వచ్చి నన్ను లేపింది. అప్పట్లో నేను పెద్ద గొప్పగా గోడ మీది స్విచ్చులన్నీ పీకేసి, అంతా ఫోన్‌లోనే పెట్టాను మరి. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. తెల్లారగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని స్విచ్చులు మళ్లీ బిగించాను.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒక్కటి ఒప్పుకో: బోర్డు తీగ పీకేసినా ఇంట్లో ప్రతి స్విచ్ పనిచెయ్యాలి. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి, స్విచ్ వెనకాల పట్టేంత చిన్న రిలే మాడ్యూల్ పెట్టి, గోడ స్విచ్ తీగని దాని స్విచ్ ఇన్‌పుట్‌కి ఇవ్వడం. మాడ్యూల్ తన పని తాను చేసుకుంటుంది, బోర్డు ఉంటే దాని మాట కూడా వింటుంది. రెండోది పాత పద్ధతి. మెట్ల లైటుకి కిందొకటి పైనొకటి టూవే స్విచ్చులు వేస్తారు కదా, అందులో ఒకదాని స్థానంలో రిలేని పెట్టు. రిలేకి కామన్, ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది) అని మూడు కాంటాక్టులు ఉంటాయి కాబట్టి అది సరిగ్గా టూవే స్విచ్ లాగే పనిచేస్తుంది. దీంట్లో ఓ తిరకాసు ఉంది. లైటు వెలుగుతోందో లేదో బోర్డుకి తెలియదు, విడిగా ఏర్పాటు చెయ్యాలి. నేనైతే మొదటి దారే పట్టమంటాను.

ఇంకో మాట. నేను ముప్పై ఏళ్లు మోటార్లు, కంట్రోల్ ప్యానెళ్ల మధ్య బతికినవాణ్ణి కదా. మోటారు స్టార్టర్ మూత ఎప్పుడైనా విప్పి చూశావా? అందులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు వచ్చి పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. కరెంటు లేదు కదా అని ఎవడో బెల్టు దగ్గర చెయ్యి పెట్టి ఉండొచ్చు, అందుకని. నీ లిస్టులో ప్రతి వస్తువు పక్కనా ఇదే ప్రశ్న రాసుకో: కరెంటు పోయి వస్తే ఇది ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లో ఉండాలా? లైటయితే ఇందాక ఎలా ఉందో అలా ఉంటే చాలు. నీళ్ల మోటారు ఆఫ్. హీటరు అయితే మరో మాట లేకుండా ఆఫ్. ఫ్రిజ్‌ని అసలు నీ రిలేల దరిదాపుల్లోకి రానివ్వకు.

ఇది కాగితం మీద రాసినంత తేలిక కాదు. బోర్డుకి కరెంటు వచ్చిన క్షణం నుంచి నీ ప్రోగ్రామ్ లేచేదాకా పిన్నులు ఎవరి అదుపులోనూ ఉండవు. ఆ కాస్తలో కొన్ని రిలే బోర్డులు టిక్కు టిక్కుమంటాయి. లైట్లు పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది, మోటారు పెడితే ఉండదు. అందుకే మొదటి వారం రిలేలకి ఏ లోడూ, అంటే లైటు గానీ మోటారు గానీ, తగిలించకు. ఉత్త రిలేలతోనే పదిసార్లు కరెంటు తీసి పెట్టి, ఏది ఎప్పుడు టిక్కుమందో రాసుకో.

నువ్వు కొన్న ఆ ఎనిమిది రిలేల బోర్డు సంగతి కూడా చెబుతాను, లేకపోతే ఓ రాత్రంతా జుట్టు పీక్కుంటావు. ఈ రకం బోర్డులు చాలావరకు తిరగేసి పనిచేస్తాయి. పిన్ను వోల్టేజీ సున్నా అయితే రిలే పడుతుంది, అంటే ఆన్; పైకెళితే వదుల్తుంది, అంటే ఆఫ్. నీ రాస్ప్‌బెర్రీ పిన్ను పైకెళ్లినా 3.3 వోల్టులే. రిలే బోర్డుకేమో 5 వోల్టులు ఇచ్చావు. ఆ మిగిలిన 1.7 వోల్టులతో లోపలి ఆప్టోకప్లర్ (వెలుతురు ద్వారా సంకేతం దాటించే చిన్న భాగం) సగం వెలిగి, రిలే వదలాలా వద్దా అని తటపటాయిస్తుంది. నువ్వేమో తప్పు నీ ప్రోగ్రామ్‌లో ఉందని వెతుకుతూ కూర్చుంటావు. ఆ బోర్డు మూలన జేడీ వీసీసీ, వీసీసీ అని రాసిన రెండు పిన్నుల మీద చిన్న జంపర్ ఉంటుంది చూడు, అది తీసెయ్. రిలే కాయిళ్లకి కరెంటు వెళ్లే జేడీ వీసీసీకి 5 వోల్టులు విడి సప్లై నుంచి ఇవ్వు, వీసీసీకి రాస్ప్‌బెర్రీ 3.3 వోల్టులు ఇవ్వు. అంతే, బుద్ధిగా పనిచేస్తుంది. విడి సప్లై ఎందుకంటావేమో, ఒక్కో రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్ల పైనే లాగుతుంది. ఎనిమిదీ ఒకేసారి పడితే అర ఆంపియర్ దాటుతుంది. ఆ భారం నీ బోర్డు మీద వెయ్యకు. అలాగే, 5 వోల్టులు పంపే సెన్సర్ తీగని నేరుగా పిన్నుకి పెట్టావంటే ఆ పిన్ను పోతుంది, ఒక్కోసారి దాంతోపాటు బోర్డూ పోతుంది.

బోర్డు ఛార్జర్ దగ్గర కక్కుర్తి పడకు. నాలుగో మోడల్‌కి 3 ఆంపియర్లు, ఐదో మోడల్‌కి 5 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్ ఛార్జర్, సన్న కేబులు పెడితే పనిచేస్తున్నట్టే ఉంటుంది. వోల్టేజీ 4.63 వోల్టుల కిందికి జారినప్పుడల్లా స్క్రీన్ మూలన పసుప్పచ్చ మెరుపు గుర్తు వస్తుంది. నీకు స్క్రీను లేకపోతే అదీ కనిపించదు, లాగ్‌లో మాత్రం అండర్ వోల్టేజ్ అని రాసుకుంటూ పోతుంది. నా కార్డు పోయినప్పుడు తప్పు కార్డుదే అనుకుని ఇంకో కార్డు కొన్నాను. అదీ పోయింది. మూడోసారికి గానీ కేబుల్ మీద అనుమానం రాలేదు.

మెమరీ కార్డు మాత్రం తాత్కాలికమే అనుకో. పద్నాలుగు సెన్సర్లు గంటగంటకీ చెప్పేదంతా దాని మీద రాస్తూ ఉంటే, మధ్యలో కరెంటు పోతే ఎన్నాళ్లని తట్టుకుంటుంది? చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి యూఎస్‌బీకి తగిలించు, టెన్షన్ ఉండదు.

సాఫ్ట్‌వేర్ మొత్తం నేనే పైథాన్‌లో రాస్తాను అన్నావు. రాయి, కానీ నేర్చుకోవడానికి రాయి. ఇంట్లో నడవడానికి హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టు. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టాడు, అదీ పైథానే, అంతా తెరిచే ఉంది, చదువుకోవచ్చు కూడా. నువ్వు ఊరెళ్లినప్పుడు ఏదైనా ఆగిపోతే మీ అమ్మ నీ ప్రోగ్రామ్ చదివి బాగుచెయ్యలేదు కదా. నువ్వు మార్చకపోతే వివరమైన చరిత్ర పది రోజులకి మించి దాచుకోదు, అలాగే వదిలెయ్. మూడేళ్ల కిందట వంటింట్లో ఎంత ఉక్కపోసిందో ఎవరికి కావాలి?

అన్ని తీగలూ మధ్య పెట్టెలోకి లాగొద్దన్నాను కదా. మరి ఎలా అంటే, గదికో ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న చవక బోర్డు) పెట్టు. అవి వైఫై మీద ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ఇది ఇళ్ల కోసం పుట్టింది కాదు. ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు 1999లో చమురు పైపులైన్ల మీద నిఘా కోసం తయారుచేశారు. ఎక్కడో మారుమూల ఉన్న మీటరు ఉపగ్రహం ద్వారా నాలుగు ముక్కలు పంపాలి, లింకేమో ఖరీదు, పైగా ఎప్పుడు తెగుతుందో తెలియదు. అందుకే దాంట్లో వీలునామా అని ఒక ఏర్పాటు ఉంది. నిజంగా పేరే అది. ప్రతి పరికరం కనెక్ట్ అయ్యేటప్పుడే, నేను చెప్పకుండా మాయమైతే ఈ మాట అందరికీ చెప్పు అని బ్రోకర్ (అందరి సందేశాలూ అందుకుని పంచే ప్రోగ్రామ్) దగ్గర రాసిపెడుతుంది. దీన్ని తప్పకుండా వాడు. సెన్సర్ పలకడం లేదన్నదీ, అంతా బాగానే ఉందన్నదీ ఒకటి కావు.

ఇంకోటి ఉంది, రిటెయిన్ అని. ఆఖరి సందేశాన్ని బ్రోకర్ గోడకి అంటించినట్టు ఉంచి, కొత్తగా ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తుంది. గదిలో ఉష్ణోగ్రతకి భలే పనికొస్తుంది. ఆజ్ఞలకి మాత్రం వాడకు. నేను వాడాను. మోటారు ఆన్ అన్న మాట అలా అంటుకుని ఉండిపోయింది. రాత్రి వైఫై తెగి మళ్లీ రాగానే, మోటారు దగ్గరున్న పరికరం లేచి, గోడ మీది మాట చదువుకుని, మోటారు వేసేసింది. ట్యాంకు నిండి పొర్లి మేడ మీదంతా నీళ్లు. ముప్పై ఏళ్లు నో వోల్ట్ కాయిల్ గురించి కుర్రాళ్లకి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి చేసిన పని అది. ఇప్పుడు ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్‌ని నేరుగా కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద రిలే) కాయిల్ వరసలోనే పెట్టాను. ఏ కంప్యూటరూ దాన్ని దాటిపోలేదు.

కాంటాక్టర్ అన్నాను కాబట్టి చెబుతున్నాను. నీ చిన్న నీలం రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. అది హీటరులాంటి నిదానమైన లోడుకి చెప్పిన లెక్క. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచేటప్పటికంటే అయిదారు రెట్లు లాగుతుంది. కాంటాక్టులు అతుక్కుపోయాయా, ఇక నువ్వు ఫోన్‌లో ఎన్ని సార్లు ఆఫ్ నొక్కినా ఆగదు. రిలే కాంటాక్టర్‌ని నడపాలి, కాంటాక్టర్ మోటారుని నడపాలి. పెద్ద కరెంటు తీగలు, 5 వోల్టుల తీగలు ఒకే పెట్టెలో ఉండక తప్పకపోతే మధ్యన అడ్డు పెట్టు. మెయిన్స్ వైపు పని ఎలక్ట్రీషియన్‌తో చేయించు, పక్కన నిలబడి చూడు. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో మరో లైవ్ పాయింటు మీద మళ్లీ చూసి అప్పుడు ముట్టుకోవాలి. ఈ ఒక్క విషయంలో నీ ధైర్యం నాకు నచ్చదు.

సెన్సర్లని మరీ నమ్మకు. ఉష్ణోగ్రతకి డీఎస్18బీ20 పెడుతున్నావు, మంచిదే, డేటా తీగకి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మర్చిపోకు. ఎప్పుడైనా ఉన్నట్టుండి 85 డిగ్రీలు అని చూపిస్తే ఇల్లు తగలబడుతోందని పరుగెత్తకు. కరెంటు వచ్చాక ఇంకా కొలవకముందు దాని నోట్లో ఉండే అంకె అది. ఆ 85ని చూసి నా ఫ్యాను చలికాలం అర్ధరాత్రి ఫుల్ స్పీడులో తిరిగింది. ఒక్క నిమిషంలో పది డిగ్రీలు ఎగబాకిన అంకెని ఒప్పుకోకుండా నియమం పెట్టు. ఫ్యాను 30 దగ్గర వేస్తే 28 దగ్గర ఆపు. రెండూ ఒకే అంకె పెడితే రిలే రాత్రంతా టకటకలాడి చస్తుంది.

గడియారం కూడా చూసుకో. నాలుగో మోడల్ దాకా బోర్డులో గడియారం లేదు, నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కరెంటు వచ్చాక రూటర్ కంటే బోర్డు ముందు లేస్తే, పాత టైముతోనే పనులు మొదలుపెడుతుంది. డీఎస్3231 అని బ్యాటరీ ఉన్న చిన్న గడియారం పెట్టెయ్. ఐదో మోడల్‌లో గడియారం ఉంది కానీ బ్యాటరీ నువ్వే తగిలించాలి.

జిగ్బీ (సెన్సర్లు తీగల్లేకుండా మాట్లాడుకునే రేడియో పద్ధతి) స్టిక్ కొంటే దాన్ని ఎస్‌ఎస్‌డీ పక్కనే గుచ్చకు. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి దూరంగా ఉంచు. సగం జిగ్బీ కష్టాలు ఆ కేబుల్‌తోనే పోతాయి.

బయటి నుంచి ఇల్లు చూడాలనిపిస్తుంది నీకు, తెలుసు. రూటర్‌లో పోర్టు తెరవకు. 2016లో మిరాయ్ అనే కంప్యూటర్ వైరస్ పురుగు లక్షల కెమెరాలు, రూటర్లలోకి దూరింది, అదీ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసినందుకు. వైర్‌గార్డ్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి లాంటి వీపీఎన్) పెట్టుకుని దాంట్లోంచి రా. కొన్న పరికరాలని గెస్ట్ నెట్‌వర్క్‌లో పడేస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, పద్నాలుగు సెన్సర్లూ పక్కన పెట్టి ఒక్క వరండా లైటుతో నెల రోజులు గడుపు. అది విసిగించకుండా నడిస్తే రెండోది. మధ్యలో ఓ రోజు ఎవరికీ చెప్పకుండా బోర్డు తీగ పీకేసి సాయంత్రం దాకా అలాగే ఉంచు. ఇంట్లో ఎవరూ గమనించకపోతే నాకు ఫోన్ చెయ్, గమనిస్తే ఎవరు ఏ స్విచ్ దగ్గర ఆగారో రాసి పంపు. బ్యాకప్ తీసిన కార్డు ఒకటి డ్రాయర్‌లో పెట్టడమే కాదు, దాన్ని వేసి ఒకసారి బూట్ చేసి చూడు. తీగలకి నంబర్లు అంటించి, ఆ లిస్టు పెట్టె మూత లోపల అతికించు. జిగురు ఊడిపోతుంది, నాలుగు మూలలా టేపు వెయ్.

రిలే బోర్డు కనెక్షన్ అయ్యాక, లోడు తగిలించక ముందు ఒక ఫోటో పంపు. పైనుంచి కాదు, పక్కనుంచి తియ్యి. జంపర్ తీశావో లేదో కనిపించాలి.

మామయ్య