ఇంట్లో మంటలొస్తే పిల్లుల్ని, కుక్కను ఎట్లా దింపాలి? మా హన్మకొండ ఇంట్లో జరిగింది, తర్వాత మేం మార్చుకున్నది

కరీంనగర్ నుంచి అడిగిన ప్రశ్న ఇది: మూడో అంతస్తు ఫ్లాట్, రెండు పిల్లులు, నడవడానికి ఇబ్బందిపడే ముసలి లాబ్రడార్. రాత్రిపూట ఇల్లు అంటుకుంటే వీటిని ఎట్లా బయటికి తేవాలి, దీనికి ముందే ప్లాన్ వేసుకోవడం అతి జాగ్రత్త అవుతుందా అని.

అతి జాగ్రత్త కాదండీ. రెండేళ్ల కింద ఎవరైనా నన్నడిగితే నేనూ నవ్వేదాన్నే.

మేం హన్మకొండలో వడ్డేపల్లి వైపు, రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి, నెలలో సగం రాత్రులు డ్యూటీలోనే ఉంటారు. ఆ రాత్రి ఇంట్లో నేను, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే మా బాబు. వీళ్లు కాక టైగర్ అనే కుక్క, జిలేబీ అనే పిల్లి, హాల్లో పంజరంలో రెండు లవ్‌బర్డ్స్.

మే నెల. ఓరుగల్లు ఎండల్లో కూలర్ లేనిది కన్ను మూతపడదు. పడుకునే ముందు నీళ్లు పోయడం మరిచిపోయాం. ట్యాంకు ఎండిపోయి, చుట్టూ గడ్డి కరకరలాడేటట్టు అయింది. వెనకాల ఒకటే ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికే కూలరు, వైఫై డబ్బా, రెండు ఫోన్ చార్జర్లు. బోర్డులో కూలర్ ప్లగ్గు వదులై వేడెక్కి కరిగిందని, అక్కడి నిప్పు గడ్డికి పాకిందని తర్వాత ఎలక్ట్రీషియన్ చూపించాడు. అసలు కూలర్ లాంటిది నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, బోర్డుకు కాదు. అది వేరే ముచ్చట.

కుక్క మొరిగి మమ్మల్ని లేపిందని చెప్పుకుంటే బాగుండు. కానీ మా టైగర్ చప్పుడు చేయకుండా మంచం కిందికి దూరి మూలకు ముడుచుకున్నది. లేపింది అత్తమ్మ దగ్గు. “ఏందే, ఏదో కాలినట్టు వాసనొస్తున్నది” అన్నది. తలుపు తీస్తే హాల్లో పైసగం కనిపించట్లేదు. పొగ చాందినీ కట్టినట్టు పై నుంచి కిందికి దిగుతున్నది.

మొదటి దెబ్బ తాళం చెవి. దొంగల భయానికి మెట్ల దగ్గరి ఛానల్ గేటుకు రాత్రిపూట తాళం వేస్తాం. చెవి ఫ్రిజ్ మీద గిన్నెలో. ఫ్రిజ్ కూలర్ పక్కన. మా బాబు వంగి పోయి, ఊపిరి బిగబట్టి తెచ్చిండు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. ఇంట్లో జంతువుల గురించి ఆలోచించే ముందు, మీ గేటు తాళం చెవి ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. కిటికీలకన్నిటికీ ఇనుప జాలీలు బిగించుకున్న ఇళ్లు మనవి. ఆ ఒక్క తలుపు తప్ప దారి లేదు.

బాబు నాయనమ్మను పట్టుకుని మెట్లు దిగిండు. నేను టైగర్‌ను గుంజబోయిన. రోజూ నా చేతిమీద అన్నం తినే కుక్క, బొటనవేలు కింద రెండు పళ్లు దిగేదాకా కరిచింది. దాని తప్పేం లేదు, బెదిరిన జంతువు ఎవరినైనా కరుస్తది. చివరికి మంచం మీది చెద్దరు దాని మీద కప్పి, చెద్దరుతో సహా ఈడ్చుకొచ్చిన. మొదలే ఆ పని చేసి ఉంటే వేలు మిగిలేది, అరనిమిషం కూడా మిగిలేది.

ఇగ జిలేబీ. కింద దాకా దిగి, అది రాలేదని మళ్లీ పైకి పోయిన. ఇది నేను చేసిన పెద్ద తప్పు. వంటింట్లో చూసిన, హాల్లో సోఫా కింద తడిమిన, పేరు పెట్టి పిలవబోతే గొంతు నిండా పొగ. కళ్లు మూతలు పడ్డయి. గేటు ఎటున్నదో అర్థం కాలేదు, అదీ నేను రోజూ తిరిగే ఇంట్లో. ఓనరు కొడుకు చెయ్యి పట్టి బయటికి గుంజకపోతే ఈ జవాబు రాసేదాన్ని కాదు. అప్పటికే కింద ఎవరో మెయిన్ ఆపేసి 101కి ఫోన్ చేసిన్రు. ఇంజిన్ వచ్చింది, మంట హాలు దాటకుండానే ఆర్పేసిన్రు.

పిల్లి ఎక్కడున్నదో తెలుసా? అత్తమ్మ గదిలో, సజ్జ మీద ఇత్తడి బిందెల వెనక. అత్తమ్మ బయటికొస్తూ అలవాటు కొద్దీ తలుపు దగ్గరికేసి గొళ్లెం పెట్టింది, దోమలు రాకుండా రోజూ అట్లనే వేస్తది. ఆ తలుపే పిల్లిని కాపాడింది. గది గోడలకు మసి కూడా పెద్దగా అంటలేదు. నేను ప్రాణం మీదికి తెచ్చుకుని వెతికిన రెండు గదుల్లో అది అసలు లేనే లేదు. హాల్లో పంజరంలోని లవ్‌బర్డ్స్‌కు మాత్రం ఒక్క ఈక కాలలేదు, రెండూ పోయినయి. పంజరాన్ని కొక్కేనికి ఎత్తులో వేలాడదీసిన మేము. పొగ ముందుగా చేరేది ఆ ఎత్తుకే. పైగా పిట్టల ఊపిరితిత్తులు విషవాయువులకు అస్సలు ఆగవు. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద మరీ వేడెక్కితే వచ్చే పొగకే చచ్చిపోతాయవి.

అందుకే మీ ప్రశ్నను నేను కొద్దిగా తిప్పి చదువుతున్నా. మంటల్లో పిల్లిని ఎట్లా పట్టుకోవాలి అనే దానికి మంచి జవాబు లేదు. రాత్రి పదకొండుకు మీరు లైటు ఆపేటప్పుడు అది ఎక్కడుంది, ఏ తలుపు వెనక ఉంది అనేదే ప్లాన్. వెతకాల్సిన పని పడిందంటేనే ఆలస్యమైపోయినట్టు.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇట్లా ఉంది. రాత్రి పడుకునేటప్పుడు టైగర్, జిలేబీ రెండూ గేటుకు దగ్గరగా ఉన్న గదిలోనే, మనతోపాటే, తలుపు మూసి. మూసిన తలుపు పొగను, వేడిని చాలాసేపు ఆపుతుంది. తెరిచిన తలుపు పొగగొట్టమే. మొదటి వారం జిలేబీ తెల్లవారుజామున మూడింటికి తలుపు గీకి గీకి మా ప్రాణం తీసింది. అది దొడ్డికి పోయే మట్టి ట్రే, నీళ్ల గిన్నె ఆ గదిలోనే పెట్టినంక ఊరుకున్నది. సజ్జకు అట్టపెట్టెలు అడ్డం పెట్టేసినం, ఎక్కడానికి సందు లేకుండా. మంచం కింద కూడా సూట్‌కేసులు నింపినం. బెదిరిన పిల్లి దూరే చోట్లు ముందే మూసేస్తే, మిగిలేది దాని బుట్టే.

బుట్ట గురించి కొంచెం వివరంగా చెప్తా, చాలామంది పొరపాటు ఇక్కడే. క్యారియర్ కొని అటక మీద పడేస్తారు, టీకాకు తీసుకుపోయేటప్పుడు మాత్రం దింపుతారు. పిల్లికి ఆ బుట్ట అంటే సూది అని గుర్తుండిపోతది, చూడగానే పరుగు. మేం దాని తలుపు తీసి పెట్టి, లోపల పాత లుంగీ పరిచి, గదిలో నేలమీదే వదిలేసినం. పది రోజులు తిండి బుట్ట ముందర, తర్వాత బుట్ట లోపల. ఎండుచేపల ముక్క వేసేటప్పుడల్లా స్టీలు గిన్నె మీద చెంచాతో మూడు దెబ్బలు. ఇప్పుడు ఆ చప్పుడు వింటే చాలు, నిద్రలోంచి లేచి బుట్టలోకి పోయి కూర్చుంటది. ఈ చప్పుడుకు ఇంకో లాభం ఉంది: ఎప్పుడన్నా అది లోపలే ఉండిపోతే, నేను బయట గేటు దగ్గర నిలబడి గిన్నె కొట్టొచ్చు, లోపలికి పోవాల్సిన పని లేదు.

మీకు రెండు పిల్లులు కాబట్టి రెండు బుట్టలు పెట్టుకోండి. భయంలో ఉన్న రెంటినీ ఒక దాంట్లో కుక్కితే ఒకదాన్నొకటి చీరుకుంటాయి. బుట్ట అందకపోతే మెత్త గలీబు, అంటే దిండు కవరు, పనికొస్తది. చేతిని గలీబు లోపలికి పోనిచ్చి, బట్ట మీదుగా మెడ వెనక పట్టుకుని, గలీబును పిల్లి మీదికి తిరగేసి, గలీబు మూతి ముడేయాలి. బట్టలోంచి గాలి ఆడుతది. నేను మామూలు రోజుల్లో రెండుసార్లు చేసి చూసిన, మోచేతిమీద గీతలు పడ్డయి కానీ పని అయింది.

గేటు తాళం చెవి, టైగర్ మెడపట్టీ, తాడు, చిన్న టార్చ్ ఇప్పుడు ఒకే మేకుకు ఉంటాయి, గేటు లోపలి వైపు, బయటి నుంచి చెయ్యి పెట్టినా అందని చోట. ఎవరు ఏం పట్టుకోవాలో కూడా తేల్చుకున్నం. బాబు నాయనమ్మను, నేను కుక్కను, మా ఆయన ఉంటే బుట్టను. ఆయన లేని రాత్రి బుట్ట నాది, టైగర్ తాడు బాబుది, అత్తమ్మ బాబు భుజం పట్టుకుంటది. మొదటిసారి చేసి చూసినప్పుడు ఇంటి ముందరి వేపచెట్టు దాకా రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం అత్తమ్మ చెప్పులు వెతుక్కోవడం! ఇప్పుడు నిమిషంన్నరలో దిగుతున్నం. చెప్పులు వద్దని ఎంత చెప్పినా ఆమె మాత్రం వేసుకునే దిగుతది.

దిగేటప్పుడు మంట ఉన్న గది తలుపు మూసేయండి. మంట గాలికి ఊపిరి పోసుకోకుండా ఉంటది. బయటి తలుపు విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి: మూసేయాలని కొందరు, జంతువు బయటికొస్తుందని తీసి ఉంచాలని కొందరు. నా లెక్కలో, అన్నీ మీ చేతుల్లో ఉంటే మూసేయండి. ఏదన్నా లోపల మిగిలిపోయి, మంట వేరే గదిలో తలుపు వెనక ఉంటే ఓరగా వదిలి, మెట్ల మీద నుంచి పిలవండి. రెండిట్లో ఏదైనా సరే, మీరు మళ్లీ లోపలికి పోవద్దు. ఫైర్ వాళ్లు రాగానే మనుషులందరూ బయటున్నారని, ఫలానా గదిలో మంచం పక్కన బుట్టలో పిల్లి ఉందని చెప్పండి. ఆ రాత్రి వచ్చినాయన నన్ను చూసి “అమ్మా, మీరు లోపల పడిపోతే మేం ముందు మిమ్మల్ని వెతకాలె, పిల్లిని ఎవలు వెతుకుతరు?” అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

గ్యాసు లీకైతే మాత్రం లెక్క వేరు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటది, అంటే సరిగ్గా కుక్క ముక్కు ఎత్తులో. స్విచ్ వేయొద్దు, తీయొద్దు. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపి, తలుపులు బార్లా తీసి, అందరూ బయటికొచ్చినంక 1906కి ఫోన్ చేయండి.

పగలు మీరు ఆఫీసులో ఉండి, జంతువులు ఇంట్లో ఉండి, బయట తాళం ఉంటే? దీన్ని ఎవరూ తలుచుకోరు. ఒక తాళం చెవి కింద ఇంటివాళ్ల దగ్గర పెట్టండి, మీ జంతువులతో చనువున్నవాళ్ల దగ్గరైతే మరీ మంచిది. మేం గేటు పక్కన గోడకు తెల్ల పెయింటుతో రాయించినం: కుక్క 1, పిల్లి 1, కింద ఫోన్ నంబరు. చూసినవాళ్లు నవ్వుకుంటరు, నవ్వుకోనీ. అక్వేరియం ఉంటే దాని ఆశ వదులుకోవాల్సిందే, దాన్ని ఎత్తుకుని మెట్లు దిగలేం. రామచిలుక ఉందంటే ముందు అటవీశాఖ వాళ్లతో మాట్లాడండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం.

బయటికొచ్చినంక పని అయిపోలేదు. పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా, పొగ పీల్చిన జంతువుకు ఒకటి రెండు రోజుల దాకా ఊపిరి ఇబ్బంది పెరగొచ్చు. జిలేబీ ఆ రాత్రి పాలు కూడా తాగింది, మర్నాడు సాయంత్రానికి నోరు తెరిచి ఆయాసపడ్డది. డాక్టరు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు మరీ ఎర్రగానో నీలంగానో మారినా, తూలుతున్నా ఆగొద్దు. మాకు మామునూరు వెటర్నరీ కాలేజీ ఉంది. మీ దగ్గర రాత్రి ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. కాలిన చోట పది ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్లు పోయండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు వద్దు. ఒంటిమీది మసిని తడిగుడ్డతో తుడవండి, లేకపోతే నాకి నాకి మింగేస్తాయి. కరిచిన వేలికి నేను టీటీ ఇంజెక్షన్ వేయించుకున్న. టైగర్‌కు రేబిస్ టీకా అయి ఉన్నా కరిచిన సంగతి డాక్టరుకు చెప్పిన.

ఇగ మీ ముసలి లాబ్రడార్. అన్నిట్లోకీ కష్టం అదే, లిఫ్టు ఎట్లాగూ వాడకూడదు. గట్టి చెద్దరు లేదా పాత జంపఖానా దాని పడక కిందే ఎప్పుడూ పరిచి ఉంచండి, నాలుగు మూలలకు ముడులు వేసి. అవసరమైతే దాన్ని లేపకుండా అట్లాగే ఇద్దరు చెరో వైపు పట్టుకుని దింపొచ్చు. ఒక్కరే ఉంటే గది నుంచి మెట్ల దాకా ఈడ్చుకురావచ్చు, మెట్ల మీద మాత్రం ఇంకో మనిషి కావాలి. పక్క ఫ్లాట్‌లో ఎవరినైనా ముందే అడిగి పెట్టుకోండి. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, ఖాళీ సిలిండర్లు ఉంటే తీయించండి. ముందే కుక్కతో మాత్రం చేసి చూడొద్దు, బెదిరిపోతది. ఈ ఆదివారం జంపఖానాలో 25 కిలోల బియ్యం బస్తా పెట్టి మూడంతస్తులు దింపి చూడండి. ఏ మలుపు దగ్గర ఇరుక్కుంటుందో అప్పుడు తెలుస్తది.