1845 నాటి గౌను కుట్టబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నాటకానికి 1845 నాటి ఇంగ్లండు ఇల్లాలి పగటి గౌను కుట్టాలనీ, గుడ్డ అప్పుడే కొనేశాననీ రాశావు. ఆ గుడ్డని బీరువాలో పడుకోనీ. ముందు లోపలివి కుట్టు: ఒంటికి ఆనే పల్చటి నూలు షెమీజు, దానిమీద కార్సెట్, అంటే నడుము బిగించే పుల్లల లోరవిక, ఆపైన లంగాలు. గౌను కొలతలు కార్సెట్ బిగించాకే తియ్యి. లోలంగా సరిగ్గా లేకపోతే చీర కుచ్చిళ్ళు నిలవవని నీకు నేను చెప్పాలా?

ఆ లోపలి సంగతిలోనే నేనొకసారి పప్పులో కాలేశాను. విక్టోరియా కాలం అనగానే గౌను కింద పంజరంలాంటి ఉక్కు చట్రం తగిలించాను. కథేమో 1840లో జరిగేది, ఆ చట్రానికి పేటెంటు వచ్చింది 1856లో. నాటకం అయ్యాక ఒక ముసలాయన వచ్చి, "అమ్మా, మీ హీరోయిన్ పదహారేళ్ళు ముందే వచ్చేసింది" అని నవ్వాడు. 1840లలో ఆ నిండుతనం లంగాలదే. ఒకదాని మీద ఒకటి వేసేవాళ్ళు, అందులో ఒకటి గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బిరుసు గుడ్డది. తర్వాత ఆ చట్రానికి వచ్చిన క్రినోలిన్ అన్న పేరు మొదట ఆ గుడ్డదే. అది నీకు దొరకదు. దళసరి కాటన్ లంగాకి అడ్డంగా వరసలు వరసలుగా తాళ్ళు దూర్చి కుట్టి, గంజి దట్టంగా పెట్టు. అప్పట్లో అలాంటివీ వేసుకున్నారు.

ఇక గౌను. ఆ దశాబ్దమంతా భుజంలో ఉందమ్మా. బుట్టల్లా ఉబ్బిన చేతులు 1837లో విక్టోరియా గద్దెనెక్కేనాటికే చప్పబడిపోయాయి. ఆ తర్వాత చెయ్యి బిగుతైంది, అతుకు భుజం ఎముక దాటి దండచేతి మీదికి జారింది. దాంతో చెయ్యి పైకి లేవదు. బ్లౌజులు కుట్టిన అలవాటు కొద్దీ నువ్వు అతుకుని పైకి జరుపుతావు, చంకలో ముక్క కలుపుతావు. వద్దు. అలా చేస్తే అది ఇప్పటి గౌనే అవుతుంది. చెయ్యి గుడ్డని క్రాస్‌లో కత్తిరించు, మోచెయ్యి వంగడానికి ఆ సాగుడు చాలు. వేషం వేసే పిల్లకి రెండు వారాల ముందే పైభాగం ఇచ్చి రిహార్సల్ చేయించు. దణ్ణం పెట్టాలన్నా మోచేతుల నుంచే పెట్టాలి.

ముందువైపు భుజాల నుంచి మడతలు విసనకర్రలా దిగి నడుము కింద మొనలో కలవాలి. బిగువు నిలవడానికి లోపల పుల్లలు, వెనక హుక్కులు. జిప్పు పెట్టావంటే నాతో మాట్లాడకు. చంక, మెడ, నడుము అతుకులన్నిటికీ పైపింగ్ వెయ్యి, మనం వేసేదానికన్నా సన్నగా.

గౌను కింది ఘేరా నేలకి ఆనాలి, అంచు చుట్టూ మూడు నాలుగు గజాలుండాలి. అంత గుడ్డని నడుముకి ఎక్కించాలంటే మామూలు కుచ్చులు పనికిరావు. సమానమైన టాకాలతో రెండు మూడు వరసలు వేసి లాగు, గొట్టాల్లాంటి మడతలు వస్తాయి. ఒక్కో మడత కొసని చేత్తో నడుముకి కుట్టు. వేళ్ళు నొప్పెడతాయి. కంటికి కనపడని లోపలి అతుకులకు మిషను వాడుకో, నేనేమీ అనను.

ఊదా పట్టు కొన్నావేమోనని నా భయం. పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త రసాయనపు ఊదా రంగు కనిపెట్టింది 1856లో, ఆ జిగేలు అంతకు ముందు లేదు. పెడన అద్దకాల్లో సన్న పూలది దొరికితే, మంజిష్ఠ ఎరుపో నీలిమందు నీలమో, హాయిగా సరిపోతుంది. మన బందరు వైపు చీటిగుడ్డని చూసే కదా వాళ్ళు మిల్లుల్లో అచ్చులు వేసుకున్నది!

పగటి గౌను కాబట్టి మెడ మూసి ఉంచు. బోసి భుజాలు రాత్రి విందులకే. తెల్ల కాలరూ మణికట్టు పట్టీలూ విడిగా కుట్టి టాకా వెయ్యి, అవొక్కటే విప్పి ఉతుక్కోవచ్చు. బానెట్, అంటే గడ్డం కింద ముడేసే టోపీ, పెడితే జట్కా గుర్రం గంతల్లా రెండు చెంపలూ కప్పేస్తుంది, పక్క సీట్లవాళ్ళకి మొహం కనపడదు. డైరెక్టరు గారిని అడిగి పెట్టు.

కార్సెట్ మీద కొలతలు తీసి గుడ్డ ఫొటోతో పంపు. అప్పటిదాకా కత్తెర ముట్టుకోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ