నాయనమ్మ తుంటి విరిగింది, మనవరాలు జెనెటిక్స్ అంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. నీట్‌లో రెండుసార్లు సీటు రాలేదు. పోయినేడు మా అత్తగారు బాత్రూంలో జారిపడితే తుంటి విరిగింది, ఎముకలు గుల్లబారాయన్నారు. భయమేసి అమ్మాయికి జీన్ టెస్ట్ చేయిస్తే సీఏఎస్ఆర్, వీడీఆర్ జీన్లలో తేడాలున్నాయని వచ్చింది. అప్పటినుంచి జెనెటిక్సే చదువుతానంటోంది. మావారు ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ జీనోమిక్స్ చూస్తున్నారు. నేను ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ అంటున్నాను. బీటెక్ మేలా, బీఎస్సీనా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సు గురించి. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం భయం. పిల్లకు నాయనమ్మ ఎముకలే వచ్చాయేమోనని, డాక్టర్ కాకపోతే ఏమైపోతుందోనని.

సీఏఎస్ఆర్ జీన్ తయారుచేసే ప్రోటీన్ పారాథైరాయిడ్ గ్రంథుల్లో, కిడ్నీల్లో ఉండి రక్తంలో కాల్షియం ఎంతుందో కనిపెడుతుంది. తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకలోంచి కాల్షియాన్ని లాగుతుంది. ఈ జీన్ బాగా దెబ్బతిన్న కుటుంబాలు అరుదు. వాళ్లకు రక్తంలో కాల్షియం జీవితాంతం కాస్త ఎక్కువగా ఉంటుంది, అయినా చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. మీకు అనుమానముంటే మామూలు కాల్షియం రక్తపరీక్ష చేయించండి.

ఇక వీడీఆర్, అంటే విటమిన్ డి ఒంట్లో పనిచేయడానికి కావాల్సిన ప్రోటీన్‌ను తయారుచేసే జీన్. 1994లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి వచ్చినప్పుడు ఈ జీన్ చూసి ఎముక బలం చెప్పేయవచ్చనుకున్నారు. 2006లో యూరప్‌లో 26 వేల మందికి పైగా చూస్తే, ఆ తేడాలకు ఎముక సాంద్రతతో సంబంధం కనిపించలేదు. 2019లో బ్రిటన్‌లో నాలుగు లక్షల మందికి పైగా పరిశీలిస్తే, ఎముక సాంద్రతతో ముడిపడిన తేడాలు డీఎన్ఏలో 518 చోట్ల తేలాయి. వాటిలో చాలావాటి ప్రభావం చాలా చిన్నది. వంశం ప్రభావం పెద్దదే, కానీ రెండు జీన్ల కాగితం చూసి జోస్యం చెప్పలేరు.

ఆ కాగితాన్ని ఈ వయసు పిల్ల చేతిలో పెట్టి భయపెట్టడం తప్పమ్మా. ఎముక ఇరవైల్లో కూడా గట్టిపడుతూనే ఉంటుంది. దానికి నడక కావాలి, ఆట కావాలి, ఎండ కావాలి, సరైన తిండి కావాలి. కోచింగ్ హాస్టల్లో ఆమెకు ఇవి ఏమాత్రం దొరికాయి? మూడో ఏడాది కూడా అదే గదిలో పెడతారా? మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీవారి మాట ఉంది. పిల్ల మాట ఒక్క వాక్యం.

బీటెక్ జీనోమిక్స్ మీద నాకు సందేహాలున్నాయి. నా దగ్గరికి వచ్చిన బయోటెక్ పిల్లల్లో ఎక్కువమంది చివరి ఏడాది కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కే వెళ్లారు. అది చెడ్డ ఉద్యోగం కాదు, కానీ దానికోసం అన్ని లక్షలు కట్టక్కర్లేదు. మీవారిని కాలేజీకి వెళ్లి అడగమనండి: డీఎన్ఏను చదివే సీక్వెన్సింగ్ మెషీన్ ఉందా? ఉంటే పిల్లలను ముట్టుకోనిస్తారా? పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? బ్రోచర్ చూపిస్తే లేచి వచ్చేయండి.

బీఎస్సీలో జెనెటిక్స్ ఉన్న గ్రూపు అయితే ఖర్చు తక్కువ. తర్వాత ఉస్మానియాలో ఎంఎస్సీ జెనెటిక్స్, లేదా జామ్, గ్యాట్-బీ అనే ఎంట్రన్సులు రాసి బయటి యూనివర్సిటీలకు వెళ్లవచ్చు. జీన్ల మీద పనిచేసే పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. దారి మాత్రం పొడుగు, పీహెచ్‌డీ దాకా పదేళ్లు పడుతుంది. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదట నెలకు 37 వేలు. పెళ్లి మాటలు మధ్యలో తేకుండా ఆ పదేళ్లూ వెనక నిలబడతారా, అది మీరిద్దరూ మాట్లాడుకోవాలి.

మీ అమ్మాయి ఆసక్తిని చిన్నచూపు చూడకండి. ఎముకలు అతిగా మందమయ్యే అరుదైన జబ్బు దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబాల్లో ఉంది. దాని వెనక జీన్‌ను పట్టుకున్న పనిలోంచే రోమోసోజుమాబ్ అనే మందు పుట్టింది. ఎముకలు గుల్లబారినవాళ్లకు వాడడానికి 2019లో అమెరికా అనుమతించింది.

మీ అత్తగారికి ఆపరేషన్ తర్వాత ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేశారా, ఎముకలకు మందు మొదలుపెట్టారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఒకసారి తుంటి విరిగినవాళ్లకు మళ్లీ ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మాయిని కూడా వెంట రమ్మనండి, ఆమె అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి.