మౌస్ పక్కన పెట్టి చూడండి, ఏ టూల్ మంచిదో తేలిపోతుంది

"ఆన్‌లైన్ క్లాసులకి కొత్తగా వస్తున్న వెబ్ టూల్స్‌లో వాడటానికి ఏది సులువు?" అని అడిగారు. పేరు చెప్పను. చెప్పినా మీరు నేర్చుకునేలోపు దాని మెనూలన్నీ మార్చేస్తారు. ముందు నా నిర్వాకం వినండి.

నేను కెమిస్ట్రీ చెప్తాను. పిల్లలు కెమెరాలు ఆపేసి నిద్రపోతున్నారని ఒక కొత్త క్విజ్ టూల్ పట్టుకొచ్చాను. ఒకవైపు మూలకాల పేర్లు, ఇంకోవైపు సంకేతాల కార్డులు. కార్డుని మౌస్‌తో లాగి పేరు మీద పడేయాలి. పైన ముప్పై సెకన్ల గడియారం. జవాబు సరైతే తెరంతా రంగు కాగితాలు ఎగురుతాయి. పిల్లలు లేచి కూర్చున్నారు. నేనేదో సాధించినట్టు తోటి టీచర్లందరికీ లింకు కూడా పంపాను.

ఒక్క అమ్మాయికి మాత్రం ప్రతిసారీ సున్నా. ఆ అమ్మాయికి చూపు లేదు. తెరమీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో, అంటే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌తో, కంప్యూటర్ వాడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. మామూలు క్లాసులో చకచకా జవాబులు చెప్పేది కాబట్టి అన్నీ ఆ సాఫ్ట్‌వేరే చూసుకుంటుందిలే అనుకున్నాను. అడిగితే "నెట్ పోయింది సార్" అనేది. నాలుగు వారాలు వరసగా సరిగ్గా క్విజ్ టైముకే నెట్ పోయింది. ఐదోసారి క్లాసయ్యాక ఉండమని, "సౌండుతో సహా స్క్రీన్ షేర్ చెయ్యమ్మా" అన్నాను.

ట్యాబ్ నొక్కింది. "బటన్" అంది కంప్యూటర్. మళ్లీ నొక్కితే మళ్లీ "బటన్". తర్వాత "గ్రాఫిక్". ఏం బటనో, ఏం బొమ్మో చెప్పదు. కార్డుల దగ్గరికైతే ట్యాబ్ అసలు పోనే లేదు, వాటిని గెంతేసి పేజీ అడుగుకి వెళ్లిపోయింది. దానికి తోడు ఆ గడియారం! మనకైతే అది మూలన కదిలే అంకె. ఆమెకి మాత్రం చెవిలో "ట్వెంటీ నైన్, ట్వెంటీ ఎయిట్, ట్వెంటీ సెవెన్" అని ఆగకుండా మోత. ప్రశ్నలో రెండు మాటలు వినేలోపు అంకె అడ్డొస్తోంది.

"రోజూ ఇంతేనా?"

"ఇంతే సార్."

"మరి నెట్ అన్నావేంటమ్మా?"

"అందరూ చాలా బాగుందంటున్నారు కదా సార్."

తల కొట్టేసినట్టయింది.

ఆ టూల్ వాళ్లకి ఇదంతా రాశాను. మీ సూచన మా బృందానికి పంపాం అన్నారు. మరుసటి నెల కొత్త ఫీచర్ వచ్చింది. ఏంటంటే, రంగు కాగితాల్లో ఇంకొన్ని డిజైన్లు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

పోనీ వాళ్లకి తెలియని విషయమా అంటే కాదు. కీబోర్డుతోనే అన్ని పనులూ అయ్యేలా ఉండాలని 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0లోనే ఉంది. వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలవి. లాగి చేసే పనిని ఊరికే నొక్కి కూడా చేయగలగాలని 2023 అక్టోబరులో 2.2లో చేర్చారు. చెయ్యి వణికేవాళ్లకీ, టచ్‌ప్యాడ్ మొరాయించే నాలాంటివాళ్లకీ కూడా అది వరమే. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. కానీ ఇప్పుడు ఏది తెరిచినా తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలే. ఎవరి కళ్లకి ముచ్చటో!

అలాగని కంపెనీలనే తిట్టి లాభం లేదు. పుస్తకం పేజీకి ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపేది మనమే కదా. స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త బొమ్మ. బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ ఉందిగా అంటారు. నా నోట్సులో అది హెచ్‌టూఓని హెచ్ ట్వెంటీ చేసి పెట్టింది.

సరే, మీ ప్రశ్న. ఏ టూల్ అయినా పిల్లలకి ఇచ్చే ముందు మౌస్ తీసి పక్కన పెట్టండి. ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం గుర్తుల కీలు, వీటితోనే ఒక క్విజ్ మొదట్నుంచి చివరిదాకా చేయండి. మీరు ఏ బటన్ మీదున్నారో తెరమీద తెలుస్తోందా చూడండి. తర్వాత ఎన్‌వీడీఏ వేసుకుని, ఉచితమే అది, మానిటర్ ఆపేసి ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఇందులో నెగ్గిన టూల్ ఎవరికైనా సులువే, ఇక రివ్యూలు చదవక్కర్లేదు. నెగ్గి కూడా పిల్లల్ని ఇబ్బంది పెట్టింది నాకింతవరకూ ఒక్కటీ తగల్లేదు. నేను చూసినవి ఆరేడే అనుకోండి.

ఇప్పుడు నేను వాడేది పాతకాలపు సాదా ఫారం. ప్రశ్న, కింద నాలుగు ఆప్షన్లు. గడియారం లేదు, కాగితాలు ఎగరవు. ఆ అమ్మాయి మొదటిసారి క్విజ్ మొత్తం పూర్తి చేసింది. పొటాషియానికి 'కె' బదులు 'పి' పెట్టింది, క్లాసులో చాలామంది పెట్టినట్టే. మార్కు తీసేస్తే, కాలియం అని లాటిన్‌లో ఎవరో పేరు పెట్టుకుంటే మాకెందుకు పోవాలి సార్ మార్కు, అని ఇరవై నిమిషాలు నాతో వాదించింది.