ఫ్రాన్స్ పల్లెల్లోని పాత చర్చిల్లో లోపల అంత చీకటిగా ఎందుకుంటుంది?

చాలావరకు కారణం రాతి కప్పు బరువే. ఓవెర్న్య ప్రాంతంలోని సెంట్-నెక్టేర్ చర్చి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 12వ శతాబ్దంలో అగ్నిపర్వత శిలతో కట్టారు. పీపాను నిలువునా కోసి బోర్లించినట్టుండే కప్పు గోడలను బయటికి నెడుతుంది. అందుకే నడిమి హాలు గోడల పైభాగంలో కిటికీలు పెట్టలేదు. పక్క వరండాల పైఅంతస్తులోని అర్ధ కమానులు ఆ ఒత్తిడిని తట్టుకుంటాయి.

అసలు చూడాల్సింది మాత్రం స్తంభాల తలల మీది శిల్పాలు. మొత్తం 103! బలిపీఠం చుట్టూ ఉన్నవాటికి రంగులు కూడా ఉన్నాయి. ఒకదాని మీద రానుల్ఫో అనే అతను చర్చి స్తంభాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాడు, దేవదూత కత్తితో దయ్యాన్ని తరుముతుంటాడు. ఎంత సజీవంగా చెక్కారో! టవర్లు మాత్రం పాతవి కావు. ఫ్రెంచ్ విప్లవంలో కూల్చేస్తే 19వ శతాబ్దంలో మళ్లీ కట్టారు.